కొండచరియ దిద్దిన వాస్తు

గుణదల కొండవాలున పూర్ణచంద్రరావుగారు నిలబెట్టిన ఇనప గది, మొన్నటి వానలకు ఏ బడలికా లేకుండా కిందికి వేంచేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కొండచరియ విరిగి, గదిని మోసుకొచ్చి, కొండ కింద కాపురముండే జీవరత్నం ఇంటి గుమ్మానికి అడ్డంగా దించింది. లోపలి కుర్చీ కూడా ఒరగలేదు. డబ్బు పుచ్చుకున్న మనుషులైనా ఈ రోజుల్లో సామాను ఇంత జాగ్రత్తగా దించడం లేదు.

రావుగారు రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్. గవర్నర్‌పేట ఇంట్లో టీవీ ఒకవైపు, భార్య జ్ఞానప్రసూనాంబగారి ఫోను మరోవైపు ఆయన్ని పేపరు చదవనిచ్చేవి కావు. అందుకే ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టేవాళ్లచేత ఆ గది చేయించి కొండెక్కించారు. అక్కడ కూర్చుని సంపాదకీయం చివరిదాకా చదివేవారు. పాపం, ఆయనకున్న సుఖం అదొక్కటే. గది మళ్లీ పైకి చేరేదాకా ఆయనకు అన్నం సహించేలా లేదు.

ముందుగా అధికారులు విచ్చేశారు. సాయం కొట్టుకుపోయిన ఇళ్లకేననీ, ఇది కొట్టుకొచ్చిన ఇల్లు గనక నిబంధనల్లో లేదనీ సవినయంగా తెలిపారు. జీవరత్నం ఇల్లు కూలలేదు, గుమ్మం మూసుకుపోయిందంతే, కాబట్టి ఆమె బాధితురాలు కాదని తేల్చి అభినందించారు.

"మరి ఇంట్లోకి ఎట్టా పోవాలండీ?" అంది జీవరత్నం.

దారి లేకపోలేదు. గది తలుపులోంచి దూరి, వెనక కిటికీలోంచి దిగితే సరాసరి ఆమె గుమ్మమే.

రావుగారు క్రేను పిలిపించారు. గొలుసులు తగిలించేవేళకు వాస్తు నిపుణులు ఉదయభాస్కర్‌గారు దిక్సూచితో వచ్చారు. పైన ఉండగా ఈ గదికి దక్షిణ ద్వారం దోషమని చెప్పింది ఆయనే. ఇప్పుడు గది చుట్టూ తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

"ఆపించండి సార్! ద్వారం తూర్పుకి తిరిగింది. నైరుతిలో బండరాయి కూర్చుంది. ఎంత ఖర్చు పెట్టినా ఇట్టాంటి కరెక్షన్ రాదండీ! కదిపారో, ఇక మీ ఇష్టం."

రావుగారు డిమాండు, సప్లయి తప్ప దేన్నీ నమ్మని మనిషి. "నాకు నమ్మకం లేదనుకోండి, అయినా ఎందుకొచ్చిన రిస్కు?" అని గొలుసులు విప్పించారు.

ఆనాటినుంచి ఆయన కిందే పేపరు చదువుకుంటున్నారు. జీవరత్నం మంచినీళ్ల బిందెతో వచ్చినప్పుడల్లా కాళ్లు ఎత్తుకుని దారి ఇస్తున్నారు. అంత పెద్దమనిషి కాళ్లు ఎత్తడం పేటలో అందరూ మెచ్చుకున్నారు.

ఇంతలో, జీవరత్నం ఏళ్ల తరబడి మొత్తుకుంటున్న రక్షణ గోడ మంజూరైంది. గోడ రావాలంటే గది లేవాలి. రావుగారు వెంటనే కొండమీది ఇళ్లవాళ్లందరినీ కమ్యూనిటీ హాలులో సమావేశపరిచారు. దాదాపు అందరివీ దక్షిణ ద్వారాలే.

"సోదరులారా! ప్రకృతి తనంతట తాను మన దోషాలు సవరిస్తానంటోంది. గోడ కట్టేస్తే రేపు మన ఇళ్లు తిరిగేదెలా?" అని రావుగారు గర్జించారు. గోడ వద్దంటూ సభ ఏకగ్రీవంగా తీర్మానించబోయింది.

చివరి వరసలోంచి జీవరత్నం లేచింది.

"నాదొక మాటండీ. ఆ తిరిగే ఇల్లు వచ్చి మామీద పడితేనో?"

రావుగారికి ఆ పూట మొదటిసారిగా సిగ్గనిపించింది. పక్కనే కూర్చున్న ఉదయభాస్కర్‌గారి వంక చూశారు.

ఆయన చిరునవ్వుతో మైకు అందుకున్నారు.

"అది వాస్తు కాదమ్మా, జాతకం. దానికి వేరే ఆయన ఉన్నారు."

రావుగారికి ప్రాణం లేచొచ్చింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.