బాలప్ప గురి తప్పిన జాతర

ఆ ఆదివారం పొద్దున సుందరరాజులు మనసులో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరక ముందే గోవిందరాజును పొడవాలి. వెంటనే గోవిందరాజు భార్య దేవసేన చేత ఒక చీపురు దెబ్బ తినాలి. ఇంటికొచ్చి స్నానం చేసి, రెండు ముద్దలు తిని, దీపాలు పెట్టేదాకా పడుకోవాలి. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి, రైలు మారి, తిరువళ్ళూరులో బస్సెక్కి, కనకమ్మ సత్రం స్టాపులో దిగి, అక్కణ్ణుంచి ఊరిదాకా నడిచొచ్చిన మనిషికి అంతకంటే పెద్ద కోరికలు ఉండవు.

చింతలకండ్రిగలో ఈ పొడవడం ఎవరికీ వింత కాదు. కుంపిణీ కాలంలో ఆ ఊరి పాలెగాడు ఓబులరాజు, పన్ను గొడవ తీర్చుకుందామని తెల్లదొరను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడట. తాంబూలం పళ్ళెం తెచ్చిన నౌకరు బాలప్ప, ఆకుల కింద దాచిన కత్తి తీసి సొంత రాజునే పొడిచాడట. దొర ఇస్తానన్న నాలుగెకరాలకు ఆశపడ్డాడని చెబుతారు. అప్పటినుంచి తమిళ లెక్కలో వచ్చే ఆడి నెల జాతరలో ఏటా అదే నాటకం. ఓబులరాజు వంశంవాళ్ళే రాజు వేషం కట్టాలి, బాలప్ప వంశంవాళ్ళే బాలప్ప వేషం కట్టాలి. పొడిచాక పాలెగాడి ఇంటి ఆడమనిషి చీపురుతో ఒక్కటి కొడితే ఆ ఏటికి దోషం పోయినట్టు. ఆ నాలుగెకరాలు ఎటు పోయాయో సుందరరాజులుకు తెలియదు గానీ, చీపురు దెబ్బ మాత్రం తరం తప్పకుండా ఆయన వీపుకు అందుతూనే ఉంది.

పన్నెండు జాతరలు చేసినవాడికి విడుదల. ఇది పన్నెండోది.

"కొంచేపు పండుకోయ్యా. కండ్లు చూడు, మిరపపండ్ల మాదిరి ఉండాయి," అంది భార్య వనజాక్షి కాఫీ ఇస్తూ.

"ఇప్పుడు పండుకుంటే లెయ్యను. పొడిచేసొచ్చి పండుకుంటా."

వచ్చే ఏటి నుంచి ఆ వేషం వనజాక్షి తమ్ముడు మురళిది. వాళ్ళమ్మ కూడా బాలప్ప వంశమే కావడం అతని ఖర్మ. అతను గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"బావా, ఇంకొక్క ఏడు నువ్వే చెయ్యరాదా? దేవసేనత్త చెయ్యి తలుచుకుంటేనే నాకు జొరం వస్తా ఉంది."

"పన్నెండేండ్లు తిన్నా గదరా. నా ఈపుకు మాత్రం రిటైర్మెంట్ ఉండొద్దా?"

సుందరరాజులుకు కళ్ళజోడు లేకపోతే మనుషుల ముఖాలు ఇడ్లీ ఆవిరిలా కనిపిస్తాయి. కానీ బాలప్పకు కళ్ళజోడు లేదు కాబట్టి, వేషం కట్టేముందు తీసేయాలి. దాంతో ఇన్నేళ్ళూ ఇబ్బంది రాలేదు. నాటకానికి ముందు పూజారి మునుస్వామి ఓబులరాజు తలకు ఎర్రటి పరివట్టం కడతాడు. సుందరరాజులు ఆ ఎర్రగుడ్డను చూసుకుంటూ పోయి పొడుస్తాడు. గుడ్డ కింద ఎప్పుడూ గోవిందరాజే ఉండేవాడు.

ఈసారి గుడ్డ కింద చంద్రు ఉన్నాడు.

తిరుత్తణిలో సెల్‌ఫోన్ల షాపు నడిపే చంద్రు తెల్లగా ఉంటాడని ఏటా అతనికే దొర వేషం ఇస్తారు. ఈ ఏడు షామియానా, మైకు సెట్టు ఖర్చంతా అతనే పెట్టుకున్నాడు. గుడి పద్ధతి ప్రకారం జాతర ఖర్చు మోసిన ఉభయదారుకే మొదటి పరివట్టం. మునుస్వామికి పద్ధతి తప్పడం తెలియదు, పెట్టెలో రెండో గుడ్డ లేదు. దొర పెట్టుకున్న జనపనార జుట్టు మీదే భక్తిగా చుట్టి, ముడి వేశాడు. ఆ సమయంలో సుందరరాజులు కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ, నిలబడే ఒక కునుకు తీస్తున్నాడు.

డోలు మోగింది. సుందరరాజులు పళ్ళెంతో వచ్చి, వంగి, ఆకుల కింద చెయ్యి పెట్టాడు. "ఓబులరాజా! నీ ఉప్పు తిన్న చేత్తోనే!" అని అరిచి, ఎర్రగుడ్డ కింద ఒక జానెడు లెక్క చూసుకుని, కొయ్యకత్తితో పొడిచాడు.

"అయ్యయ్యో, ఏందన్నా! నేను చంద్రునన్నా!" అంటూ దొర కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

గోవిందరాజు చావుకు సిద్ధంగా కళ్ళు మూసుకుని ఉన్నాడు. అరుపు వినపడగానే, ఏళ్ళ అలవాటు కొద్దీ గుండె మీద చరుచుకున్నాడు. చొక్కా లోపల దాచిన కుంకుమనీళ్ళ ప్యాకెట్టు పగిలింది. ఎవరూ పొడవకుండానే రాజు రక్తసిక్తుడయ్యాడు. పొడిపించుకున్న దొర ఒంటిమీద చుక్క లేదు.

"ఏమిరా సుందరం! నన్ను గదా పొడవాల్సింది!" అన్నాడు గోవిందరాజు కళ్ళు తెరిచి. చంద్రు పెట్టించిన మైకు మంచి రకం. ఆ మాట పొలాల్లోకి కూడా వినిపించింది.

వ్యాఖ్యానం చెప్పే మైకు మురళి చేతిలో ఉంది. వచ్చే ఏటి చీపురు అతని కళ్ళముందు మెదిలింది.

"చూసినారా!" అని గట్టిగా అన్నాడు. "ఇన్నేండ్లు మనల్ని మోసం చేసినారు! మా బాలప్ప పొడిచింది రాజును కాదు, తెల్లోణ్ణి!"

ఈలలు మొదలయ్యాయి. ఎవరో టపాకాయలు వెలిగించారు. చీపురు ఎత్తి నిలబడిన దేవసేనకు ఆ చీపురును ఏం చేయాలో తోచలేదు.

"అత్తా, వాళ్ళ మాట ఇనొద్దు," అన్నాడు సుందరరాజులు వీపు తిప్పి. "ఒక్కటి ఎయ్యి. ఈసారి గట్టిగానే ఎయ్యి. నేను పోయి పండుకోవాల."

"నా మొగుడు బతికే ఉండాడు గదరా. ఏమని కొట్టేది?"

మునుస్వామి తల అడ్డంగా ఊపాడు. "దెబ్బ పడకుంటే జాతర కాలేదు. జాతర కాకుంటే నీకు పన్నెండో ఏడు కాలేదు, సుందరం."

సుందరరాజులు ఇల్లు చేరి కంచం ముందు కూర్చునేలోపు ఆ పోటు ఫోన్లకెక్కి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. కనకమ్మ సత్రం కుర్రాళ్ళు పూలమాల తెచ్చి మెడలో వేసి పోయారు. తిరువళ్ళూరు నుంచి కేబుల్ టీవీ అమ్మాయి వచ్చింది. మీ పూర్వీకుడు స్వాతంత్ర్య వీరుడట కదా, మీకెలా అనిపిస్తోందని మైకు పెట్టి తమిళంలో అడిగింది.

"నాది నైట్ షిఫ్టమ్మా," అన్నాడు సుందరరాజులు.

మురళి అడ్డం వచ్చి, చరిత్రను ఎట్లా మార్చేశారో చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, మరి దొరను పొడుస్తుంటే పక్కనే ఉన్న పాలెగాడు ఏం చేశాడని అడిగింది.

మురళి అంతదూరం ఆలోచించలేదు. "ఆయనా? ఆయన... ఆకు వక్క నమలతా ఉండినాడు."

ఆ ఒక్క మాటతో అవతలి వీధి అంటుకుంది. గోవిందరాజు ఇంటి పరువంతా ఓబులరాజు చావు మీదే నిలబడి ఉంది. వాళ్ళ వీధి మొదట్లో వీరమరణం అని రాసిన సిమెంటు తోరణం, గుడిలో మొదటి ప్రసాదం, పెళ్ళిళ్ళలో ముందువరుస కుర్చీ, అన్నీ ఆ పోటు పెట్టిన భిక్షే. ఇప్పుడు టీకొట్టు దగ్గర ఎవరో, "అయితే ఓబులరాజు తెల్లోళ్ళ పార్టీనా?" అని అడిగారట.

కుంకుమనీళ్ళు ఎండిన చొక్కాతోనే గోవిందరాజు వచ్చి గడపలో నిలబడ్డాడు. "సుందరం, లెయ్. నన్ను చంపు."

"మామా, అన్నం తింటా ఉండా."

"ఆ ముద్ద తినేసి చంపు. మా అబ్బను మీ అబ్బ పొడిచినాడు. మా తాతను మీ తాత పొడిచినాడు. ఈ వేషంలో మా ఇంట్లో ఇంతవరకు ఎవురూ బతికి బట్టకట్టింది లేదు. నేను మాత్రం వక్క నమలతా కూసోవాల్నా?"

"సరే మామా, రెండు గంటలు పండుకొని లేసి చంపుతా."

ఇంతలో ఫోను మోగింది. చంద్రు. "అన్నా, షాపు నిండా జనం, సెల్ఫీ అడగతా ఉండారు! సాయంత్రం మళ్ళా ఆడితే నన్నే పొడువు. మాట ఇయ్యన్నా!"

సుందరరాజులు ఫోను కింద పెట్టి, చల్లారిన సాంబారు వంక చూశాడు. మునుస్వామి కూడా వచ్చాడు. సాయంత్రం నాటకం మళ్ళీ ఆడాలని జాతర కమిటీ తేల్చిందట. పోటు ఒక్కటే, దెబ్బ ఒక్కటే. అది పడితే విడుదల ఖాయం.

"పొడిచేది ఎవురినో చెప్పు సామీ. పొడిచేస్తా."

"అది అమ్మవారు నీ మనసులో పెడతాది," అని మునుస్వామి ఆ భారం కూడా ఆయన మీదే పెట్టి పోయాడు. సాయంత్రం దాకా రాజు తరఫువాళ్ళు ఒక విడత, దొర తరఫువాళ్ళు ఒక విడత వచ్చి కూర్చున్నారు. సుందరరాజులు కన్ను మూసినప్పుడల్లా ఎవరో ఒకరు భుజం తట్టి, "ఏమాలోచించినావన్నా?" అని అడిగారు.

సాయంత్రం జనం రెండింతలు. ఈసారి కమిటీవాళ్ళు సుందరరాజులును కళ్ళజోడు తీయనివ్వలేదు. రెండు కుర్చీలు, కొత్తగా కొన్నదానితో కలిపి రెండు ఎర్ర పరివట్టాలు. రాజు చొక్కాలో ఒక ప్యాకెట్టు, దొర కోటులో ఒక ప్యాకెట్టు. "రాజును!" అని సగం జనం, "దొరను!" అని మిగతా సగం. కుడిపక్క దేవసేన చీపురు, ఎడమపక్క మురళి మైకు.

"సుందరం, మన పరువు నీ చేతిలో ఉంది," అన్నాడు గోవిందరాజు పెదవులు కదపకుండా.

"అన్నా, కెమెరా నా పక్క ఉంది," అన్నాడు చంద్రు.

సుందరరాజులు ఇద్దరినీ చూశాడు. రాజును పొడిస్తే దొర మనుషులు నిద్రపోనివ్వరు. దొరను పొడిస్తే రాజు మనుషులు నిద్రపోనివ్వరు. కళ్ళు కిందికి దిగాయి. రెండు కుర్చీల మధ్య కొత్త చాప పరిచి ఉంది. ఇస్త్రీ చేసినట్టు నున్నగా, ఎక్కడా ముడత లేకుండా ఉంది.

ఆ వేదిక మీద ఇంతవరకు ఎవరూ పొడవని మనిషి ఇంకొకడున్నాడని ఆయనకు అప్పుడు తట్టింది.

పళ్ళెం కింద పెట్టాడు. "చాలురా సామీ," అన్నాడు. అది నాటకంలో లేని మాట. కత్తిని తన వైపు తిప్పుకుని, చంకలో ఇరికించుకుని, మోకాళ్ళ మీద కూలి, చాప మీద పక్కకు ఒరిగిపోయాడు.

మురళి మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఉప్పు తిన్న రాజును పొడవలేక... దొర మాట దాటలేక... తన్ను తానే పొడుచుకున్నాడయ్యా మా బాలప్ప!"

మొదట ఏడ్చింది దేవసేన. చీపురు పారేసి, "అయ్యో నా తండ్రీ! నిన్నా ఇన్నాళ్ళు కొట్టింది!" అని గుండెలు బాదుకుంది. ఆమె వెనకే ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ఈ నాటకంలో ఇంతసేపు ఎన్నడూ బతకని గోవిందరాజుకు తర్వాత ఏం చేయాలో తెలియలేదు. ఊరికే కూర్చుంటే మళ్ళీ ఏం మాట వస్తుందోనని తాంబూలం పళ్ళెం ఎత్తుకుని దొర వెంట పడ్డాడు. చంద్రు కెమెరాకు కనిపించేట్టుగా షామియానా చుట్టూ పరుగెత్తాడు. జనం ఈలలు వేసి ఏడ్చారు, ఏడ్చి ఈలలు వేశారు. రెండు పక్కలవాళ్ళకూ పరువు దక్కింది.

చాప మీదినుంచి సన్నగా గుర్రుమనే చప్పుడు వచ్చింది. "పానం పోతా ఉంది పాపం," అని ముందువరుసలో ఒక ముసలమ్మ చేతులు జోడించింది.

కమిటీ అక్కడికక్కడే కూడింది. పన్నెండేళ్ళ విడుదల చంపేవాడికే గానీ చచ్చేవాడికి కాదనీ, ఇంత సహజంగా ఇంకెవరూ చావలేరనీ, కాబట్టి బాలప్ప వేషం ఇక జీవితాంతం సుందరరాజులుదేననీ తేల్చారు. మురళి అందరికంటే ముందు చేయెత్తాడు. పద్ధతి తప్పని మునుస్వామి చాప దగ్గరికి వంగి, ఇందుకు సమ్మతమేనా అని మూడుసార్లు అడిగాడు.

మూడుసార్లూ సుందరరాజులు కాదనలేదు.