రెండో గుమ్మం

పోర్టు వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేసే గవర్రాజు ఆ సోమవారం తెల్లవారగానే ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఇకమీదట రోజూ ఒక బొమ్మ గీయాలి. నలభై అయిదేళ్లు వచ్చాయి. చిన్నప్పుడు బడి మానేసి పనిలో చేరిన రోజున పోయినవాటిలో ఇదొక్కటైనా తిరిగి దొరుకుతుందేమోనని అతని ఆశ. రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన సలహా కూడా చెప్పాడు. "ప్రేరణ కోసం కూర్చోకు. ఒకటే ఇల్లు ఎంచుకుని నలభై రోజులు గీయి. ముందు చూపు వస్తుంది, దాని వెనకాలే ప్రేరణ వస్తుంది."

"నలభై రోజులే! పొద్దున్నే నడుస్తానన్నారు, నాలుగు రోజులు నడిచారు. హార్మోనియం అన్నారు, రెండు రోజులు వాయించారు," అంది భార్య భ్రమరాంబ. గవర్రాజుకు ఆ నెల మధ్యాహ్నం షిఫ్టు. ఖాకీ బట్టలు తొడుక్కుని, మల్కాపురంలో సైకిలెక్కి, గాజువాక దాటాక ఒక చిన్న పల్లెలో దిగాడు.

అక్కడ అతనికి నచ్చినది మట్టిగోడల పెంకుటిల్లు. దానికి ఒకటే గుమ్మం, లోపల ఒకటే పొయ్యి. వరహాలమ్మ అనే ముసలామెది ఆ ఇల్లు. భర్త పోయిన దగ్గర్నుంచి ఇద్దరు కొడుకులనూ ఆ ఒక్క పొయ్యి దగ్గరే నిలబెట్టడం ఆమె జీవితంలో చేసిన ఘనకార్యం. పెద్దకోడలు చిట్టమ్మ, చిన్నకోడలు తాయారు పన్నెండేళ్లలో ఒక్క విషయంలోనైనా ఒక మాట మీదకు రాలేదు. అయినా పొయ్యి మాత్రం చీలలేదు.

గవర్రాజు ఎదురుగా కల్వర్టు మీద కూర్చుని, ఒళ్లో బొమ్మల పుస్తకం తెరిచి, పెన్సిలు చాచి, ఒక కన్ను మూసి, గుమ్మం ఎత్తు బొటనవేలితో కొలిచాడు. అది ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకుంటున్న కాలం. ఏ ఊరు పోతుందో ఏది మిగులుతుందో ఎవరికీ తెలియదు. ఇళ్లు పోయినవాళ్లకు పొయ్యికొక ఉద్యోగం ఇస్తారట అని ఎవరో సంతలో అన్నమాట ఆ ఊళ్లో శాసనమైపోయింది.

"ఏ ఆఫీసు బాబూ?" అనడిగాడు పెద్దకొడుకు అర్జునరావు.

"పోర్టులో పనండి. ఇది ఊరికే, నా సరదాకి గీసుకుంటున్నా."

అర్జునరావు ఇంట్లోకి వెళ్లి గొంతు తగ్గించాడు. "సర్వేవోడే. సరదాకంట! పొద్దున్నే ఖాకీలేసుకుని సరదాకెవుడొత్తాడే?"

రెండోరోజు కూర్చోడానికి మంచం వేశారు. మూడోరోజు మజ్జిగ, నాలుగోరోజు కొబ్బరిబొండం ఇచ్చారు. కళను గౌరవించేది పల్లెటూళ్లేనని గవర్రాజు నమ్మాడు. అయిదోరోజు చిన్నకొడుకు కన్నబాబు అతని సైకిలు పట్టుకుని ఊరి చివరిదాకా వచ్చాడు.

"బాబూ, ఆ కాయితంలో నా వాటా ఏరేగా అవుపడాల. నీ సెయ్యి పుణ్యం."

"ఉన్నది ఉన్నట్టే గీస్తానయ్యా. లేని గీత ఒక్కటి గీసినా తప్పే."

అది బొమ్మల నియమమని గవర్రాజు ఉద్దేశం. సర్కారు నియమమని కన్నబాబుకు అర్థమైంది. ఆ సాయంత్రమే వీధిగోడకు గునపం వేశాడు.

"ఏటిరా ఇది?" అన్నాడు అర్జునరావు.

"గాలికి, అన్నా."

"గాలికి గడియెందుకురా?"

ఆరోరోజు పొద్దున్న గవర్రాజు పెన్సిలు ఆపి చూశాడు. ఇంటికి రెండు గుమ్మాలున్నాయి! అయిదు రోజులు గీసినా రెండోది కంటపడలేదంటే ఎంత గుడ్డివాడిగా బతికాడో! మాస్టారు చెప్పిన చూపు వచ్చేసిందని కళ్లు తుడుచుకుని గీశాడు.

రెండో గుమ్మం పెట్టినంతమాత్రాన చాలదని, మధ్యలో గోడ లేకపోతే ఒకటే ఇల్లు, ఒకటే ఉద్యోగం అంటారని అర్జునరావు లెక్క. ఉత్తుత్తి గోడే, ఫ్యాక్టరీవాళ్లు వచ్చి వెళ్లాక తీసేద్దామని అన్నదమ్ములు ఒప్పందానికి వచ్చారు. కానీ గోడ ఉత్తుత్తిదైనా రుబ్బురోలు నిజమైనది. అది ఎవరివైపు రావాలో తేలలేదు. ఏడోరోజు మాటలు పెరిగాయి. ఎనిమిదోరోజు గోడ లేచింది, మాటలు ఆగిపోయాయి. తొమ్మిదోరోజు ఇంటిమీద రెండు పొగలు లేచాయి. గవర్రాజు ఆ రెండు పొగలనూ గీశాడు. అతని జీవితంలో అంత మంచి బొమ్మ మరొకటి పడలేదు.

పదోరోజు వరహాలమ్మ వచ్చి కల్వర్టు దగ్గర నిలబడింది. పుస్తకంలోకి తొంగి చూసింది.

"పొగలు రెండూ బాగా రాసుకున్నావు బాబూ. నాను ఎవుల పొయ్యికాడ తినాలో అదీ రాసుకున్నావేటి?"

అతనికి అర్థం కాలేదు. అతణ్ని సర్వేవాడనుకుని కొడుకులు చేసిందంతా ఆమె మొదటినుంచీ చెప్పింది. గవర్రాజు గబగబా పుస్తకం వెనక పేజీలు తీసి చూపించాడు. భ్రమరాంబ చెప్పులు, అరటిగెల, పడుకున్న పిల్లి. "సర్వే కాదమ్మా. మా ఆవిడ మీద ఒట్టు!"

ఆమె కేకకు కొడుకులిద్దరూ వచ్చి సంగతి విన్నారు. కన్నబాబు చేతిలో గునపం ఉంది. గవర్రాజు ఒక చేత్తో సైకిలు పట్టుకున్నాడు. కానీ వాళ్లు అతని వంక చూడలేదు. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పడగొట్టీద్దామా, అన్నా?"

"పడగొట్టీరా. అమ్మ నిన్నట్నించి అన్నం ముట్టనేదు."

మొదటి పోటు పడకముందే ఇటునుంచి చిట్టమ్మ, అటునుంచి తాయారు వచ్చి గోడకు వీపులానించి నిలబడ్డారు.

"పన్నెండేళ్లకి నా కూరలో నాను ఏసిన ఉప్పే ఉంది. గోడ మీద సెయ్యేత్తే పుట్టింటికెల్లిపోతాను," అంది చిట్టమ్మ.

"మా అప్ప మాటే నా మాట," అంది తాయారు.

 కోడళ్లిద్దరూ ఒక్కమాట మీద నిలబడగా చూసి చావాలని వరహాలమ్మ మొక్కని దేవత లేదు. కన్నబాబు గునపం కింద పెట్టాడు. కాసేపటికి చిట్టమ్మ ఒక గుమ్మంలోంచి, తాయారు రెండో గుమ్మంలోంచి అత్తగారికి చెరో పళ్లెం తెచ్చారు. ముసలామె రెండు పళ్లేలనూ మార్చి మార్చి చూసింది. ఆకలి మీదుంది కనక రెండూ తింది. తింటున్నంతసేపూ ఏడ్చింది.

మర్నాటినుంచి గవర్రాజు తన వంటింట్లోనే కూర్చుని వంకాయను గీయడం మొదలుపెట్టాడు. వంకాయకు అన్నదమ్ములుండరు.