సోమన్నకు సాక్ష్యం దొరికిన విధం

సంఘ పెద్ద పదవి కోరే ప్రతి వ్యక్తికీ కనీసం ఒక పాపమైనా ఉండి తీరాలని బండమీదిపల్లె క్రైస్తవ సంఘం కమిటీ గత ఫిబ్రవరిలో ఏకగ్రీవంగా తీర్మానించింది. పాపం పాతదై ఉండాలి, పెద్దదై ఉండాలి, కమిటీ సభ్యుల కుటుంబాలతో దానికి ఎటువంటి సంబంధమూ ఉండకూడదు. అభ్యర్థి దాన్ని వార్షికోత్సవం నాడు మైకు ముందు నిలబడి, పన్నెండు నిమిషాలకు తగ్గకుండా, కన్నీళ్లతో వివరించాలి; సంఘంలో దీన్నే సాక్ష్యం అంటారు. కన్నీళ్లు రానివారికి పాటల బృందం కీబోర్డుతో తగిన సాయం అందిస్తుంది.

ఇందులో వింతేమీ లేదు. పత్తికొండకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్లో ఆరు వందల అడుగులు బోరు వేసినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు గానీ, ఫోను సిగ్నలు మాత్రం పుష్కలంగా ఉంటుంది. కాబట్టి సంఘానికి ఒక యూట్యూబ్ ఛానల్ ఉంది. పాస్టరు జయరాజ్ అయ్యగారు ఏడాది పొడవునా చెప్పిన వాక్యాన్ని వారానికి ముప్పై మంది చొప్పున చూస్తే, ఏసుకుమార్ ఒక్కరోజు చెప్పిన సాక్ష్యాన్ని నలభై వేల మంది చూశారు. దేవుని చిత్తం ఎటు ఉందో కమిటీకి అప్పుడే అర్థమైంది.

ఏసుకుమార్ మందిరం పక్కన జిరాక్సు కొట్టు నడుపుతాడు. సాక్ష్యం ప్రకారం మాత్రం అతను ఒకప్పటి ఫ్యాక్షనిస్టు. సొంత ఊళ్లో మొదటిసారి చెప్పినప్పుడు మూడు నాటుబాంబులు వేశాడు. బద్వేలు సభలకు పోయేసరికి అవి పదకొండు అయ్యాయి. కోస్తా జిల్లాలవాళ్లు కారు పంపి పిలిపించుకున్నప్పుడు, అంత దూరం వచ్చినందుకు అరవై చేశాడు. వయసు లెక్క కడితే మొదటి బాంబు నాటికి అతను మూడో తరగతి చదువుతూ ఉండాలి. అయితే సాక్ష్యానికి లెక్కలు కట్టేవారు అవిశ్వాసులని అయ్యగారు ముందే హెచ్చరించి ఉన్నందున ఎవరూ కట్టలేదు.

ఇటువంటి అభివృద్ధి చెందిన సంఘంలో పెద్ద పదవికి సోమన్న దరఖాస్తు పెట్టుకున్నాడు.

సోమన్నకు యాభై రెండేళ్లు. పత్తికొండ టమోటా మండీలో కాటా దగ్గర తూకం వేసే పని. అతను తూచిన గంపను రైతులు రెండోసారి చూడరు, చీటీ జేబులో పెట్టుకుని టీ తాగడానికి పోతారు. పొద్దున్నే మండీకి పోయేముందు మందిరం ఊడుస్తాడు, ఆదివారం గంట కొడతాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. అతనికి ఒకే ఒక్క కోరిక ఉండేది. నెలకోసారి ప్రభు బల్ల, అంటే రొట్టె పంచుకునే ఆరాధన, జరిగినప్పుడు రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య నడవాలి. ఆ మందిరం గోడలకు వాళ్ల నాయన గుట్ట మీద నుంచి రాళ్లు మోశాడు, మోసి మోసి నడుం వంగి పోయాడు, బతికినన్నాళ్లూ ఆ పళ్లెం ఒక్కసారి ముట్టుకోలేదు. పెద్దలు మాత్రమే ముట్టుకోవాలి. ఈ ఒక్క విషయంలో మనం నవ్వడం లేదు.

చిక్కల్లా దరఖాస్తు దగ్గర వచ్చింది. ‘పాప వివరములు’ అన్న చోట సోమన్న ఏమీ రాయలేదు. కమిటీ కార్యదర్శి పరమేష్, ఛానల్ చూసుకునేది కూడా ఆయనే, ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏమప్పా, ఈడ ఖాళీగా ఇడిసిపెట్టినావు?”

“ఏం రాయాలో తెలీలేదు పరమేషన్నా.”

“తాగుడు?”

“వాసనకే కక్కొస్తాది.”

“పేకాట?”

“ఆ బొమ్మల్లో రాజెవురో, మంత్రెవురో నాకు తెలీదు.”

“పోనీ, నాగక్కను ఎప్పుడన్నా కొట్టింటావు?”

సోమన్న తల అడ్డంగా ఊపాడు. అతని భార్య నాగక్క రెండు చేతులా రెండు టమోటా గంపలు ఎత్తగల మనిషి. ఆ ప్రశ్న ఆమె వినలేదని తెలిసి పరమేష్ కూడా ఊపిరి పీల్చుకున్నాడు.

విషయం అయ్యగారి దాకా పోయింది. అయ్యగారు మంచివారే, కాకపోతే ఇంట్లో నీళ్లు అడిగినా మైకులో అడిగినట్టు అడుగుతారు. “ప్రియ సహోదరుడా సోమన్నా,” అన్నారాయన, “నీవు మారుమనస్సు పొందితివి, మంచిదే. అయితే దేని నుండి పొందితివి? లోయ లేనిదే కొండ కనబడునా? చీకటిని చూపకుండ వెలుగును చూపించుట ఎట్లు? నీవంటివాని వలన సంఘక్షేమమునకు ఎంత నష్టమో ఆలోచించుము.”

సోమన్న సిగ్గుపడ్డాడు. చాలాసేపు గుర్తు చేసుకుని, “చిన్నప్పుడు పడమటి చేన్లో రెండు దోసకాయలు తెంపినా అయ్యగారూ, ఎవురికీ చెప్పకుండా,” అన్నాడు.

పరమేష్ ఆశగా కలం తీశాడు. “ఎవురి చేను?”

“మాదే.”

పాపం సమకూర్చుకోవడానికి కమిటీ అతనికి దయతో మూడు వారాల గడువు ఇచ్చింది.

సోమన్న ప్రయత్నించలేదని అనడానికి వీల్లేదు. మొదటి వారం ధైర్యం చేసి బ్రాందీ షాపుకు పోయాడు. కౌంటరులోని గోపన్న అతన్ని చూసి లేచి నిలబడ్డాడు. “నువ్వు తాగవు కదన్నా. ఎవురో నీ మంచితనం చూసి నీతో తెప్పించుకుంటాండారు. నేనియ్యను, పో,” అని పంపేశాడు. రెండో వారం ఇంట్లో కారణం లేకుండా నాగక్క మీద అరిచాడు. ఆమె నుదురు మీద చెయ్యి పెట్టి చూసి శొంఠి కషాయం కాచి తాగించింది. ఆ కషాయం ఘాటు రెండు రోజులు పోలేదు. మూడో వారం వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. ఇంత వయసొచ్చి ఒక్క పాపం చేతకాలేదే అని కుమిలిపోయాడు.

అప్పుడు పరమేష్ ఆదుకున్నాడు. ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు.

“కాటా కాడ ఉండేవానివి, పాపం కోసం యాడాడో వెతుకుతాండావు. గంపకు రెండు కేజీలు తక్కువ చూపిచ్చినా, పదేండ్లు రైతుల పొట్ట కొట్టినా అని చెప్పు. నేను రాసిస్తా.”

“నేనట్ల చెయ్యలేదు కదన్నా.”

“చేసింటే తప్పుగానీ, చెప్తే ఏం తప్పు? ఆ మీదట అంతా క్షమించబడతాది కదా.”

నాగక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. “ఊరంతా పాపాలు దాచిపెట్టుకుంటాంటే నువ్వు ల్యానిది నెత్తికెత్తుకుంటావా?” అంది. సోమన్న గోడ వైపు చూశాడు. గోడ మీద వాళ్ల నాయన ఫోటో ఉంది. ఆ ఫోటోలో కూడా ఆయన నడుం వంగే ఉంది. సోమన్న కాగితం తీసుకున్నాడు.

వార్షికోత్సవం ఘనంగా జరిగింది. షామియానాలు, పెద్ద తెర, డ్రోను, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో జనం. సోమన్న మైకు ముందుకు వచ్చి, “నేను దొంగను,” అన్నాడు. అనగానే భోరున ఏడ్చాడు. పుట్టి బుద్ధెరిగాక అతను చెప్పిన మొదటి అబద్ధం అది, తట్టుకోలేకపోయాడు. జనానికి అది పశ్చాత్తాపంలా కనబడింది. కీబోర్డు అవసరమే పడలేదు. పరమేష్ రాసిచ్చింది పన్నెండు నిమిషాలకైతే, ఏడుపులతో కలిపి పందొమ్మిది నిమిషాలు వచ్చింది. ముందు వరుసలో ఏసుకుమార్ ముఖం కాస్త వాడింది.

వారం తిరక్కుండానే ఆ వీడియో ఏసుకుమార్ బాంబులను దాటిపోయింది. సోమన్నను పెద్దగా ప్రకటించి శాలువా కప్పారు. ఆ నెల బల్ల రోజున రొట్టె పళ్లెం అతని చేతికి వచ్చింది. అతను అనుకున్నదానికన్నా పళ్లెం తేలిగ్గా ఉంది. వరుసల మధ్య నడుస్తూ నాగక్క దగ్గరికి వచ్చాడు. ఆమె రొట్టె తీసుకుంది గానీ అతని ముఖం చూడలేదు.

ఇక్కడ కమిటీ ఊహించని విషయం ఒకటుంది. యూట్యూబ్‌ను విశ్వాసులే కాకుండా టమోటా రైతులు కూడా చూస్తారు.

సోమవారం మండీలో రామకృష్ణ అనే రైతు గంపలు దించాడు. ఇరవై ఏళ్లుగా సోమన్న కాటాకే తెచ్చే మనిషి. తూకం అయిపోయింది. చీటీ జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

“సోమన్నా, తప్పుగా అనుకోవాకు. మీ దేవుడు నిన్ను క్షమించినాడంట. శానా సంతోషం. మా టమోటాల సంగతి ఆయనకు చెప్పినావా?”

రామకృష్ణ గంపలు ఎత్తించుకుని పక్క కాటాకు పోయాడు. వెనక ఉన్నవాళ్లు కూడా పోయారు. మధ్యాహ్నానికి మండీ యజమాని రాజశేఖర్ పిలిపించాడు. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. “నిన్ను దొంగని ఎవురూ అనలేదప్పా. నువ్వే అన్నావు, ఏడ్చి మరీ అన్నావు. కాటా కాడ ఇంకొకర్ని పెడతా. నువ్వు కుళ్లిన కాయ ఏరేకాడ కూచో.”

సోమన్న వారం రోజులు కుళ్లిన కాయలు ఏరాడు. ఏరుతూ ఆలోచించాడు. మందిరంలో పళ్లెం ఉండాలంటే మండీలో దొంగగా బతకాలి. మండీలో మనిషిగా బతకాలంటే మందిరంలో అబద్ధాలకోరు కావాలి. ఇంత సులువైన లెక్కకు వారం ఎందుకు పట్టిందని మీరు అడగవచ్చు. మీకు పళ్లెం మీద ఆశ లేదు కాబట్టి అడుగుతారు. తండ్రి మోసిన రాళ్ల మధ్య నిలబడి ఆ పళ్లెం ఒక్క నెలే పట్టుకున్నవాడికి వారం చాలా తక్కువ.

ఆదివారం ప్రకటనల సమయంలో లేచి మైకు దగ్గరికి పోయాడు.

“నేను మండీలో ఒక్క కాయ కూడా దొంగిలించలేదు. పెద్ద కావాలని అబద్ధం చెప్పినా. మీ ముందర, దేవుని ముందర చెప్పినా. అదొకటే నేను చేసిన పాపం. నన్ను క్షమించండి.”

అర నిమిషం కూడా పట్టలేదు. ఈసారి కన్నీళ్లు రాలేదు. కీబోర్డు వాయించే అతను ఏ రాగం ఎత్తుకోవాలో తెలియక చేతులు పైకి తీసేశాడు. దొంగనన్న రోజున స్తోత్రమని కేకలు పెట్టిన జనం ఈ రోజు చెప్పుల వైపు చూసుకున్నారు.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. సోమన్న పదేళ్లు చేసిన దొంగతనాన్ని సంఘం ఇదివరకే పూర్తిగా క్షమించిందనీ, ఆ క్షమాపణను ఎట్టి పరిస్థితిలోనూ వెనక్కు తీసుకోవడం కుదరదనీ మొదట తీర్మానించారు. దొంగతనం చేయలేదని చెప్పడం మాత్రం తీవ్రమైన నేరమని రెండో తీర్మానం చేశారు. అయ్యగారు బరువైన గొంతుతో ముగించారు: “ప్రియులారా, దొంగకు పరలోకమందు చోటు కలదు. అయితే సాక్ష్యమును పాడుచేయువానికి కమిటీయందు చోటు లేదు.” చేతులెత్తమంటే అందరికన్నా ముందు ఎత్తినవారు గత అయిదేళ్లలో సాక్ష్యాలు చెప్పినవారే. ఇకపై సాక్ష్యం చెప్పాక ఎవరూ నిజం చెప్పకూడదన్న మూడో తీర్మానం చర్చ లేకుండానే ఆమోదం పొందింది.

మండీలో సోమన్నకు కాటా తిరిగి వచ్చింది. రామకృష్ణే మాట్లాడి ఇప్పించాడు. “మాకు ముందే తెలుసప్పా, నువ్వట్లాంటోనివి కాదని,” అన్నాడు. అయినా గంపలు తూచాక పక్క కాటాకు తీసుకుపోయి ఇంకోసారి తూకం వేయించుకుంటున్నాడు. రెండు చోట్లా ఒకే తూకం వస్తుంది. మరుసటి రోజు మళ్లీ వేయిస్తాడు.

పొద్దున్నే మందిరం ఊడవడం, ఆదివారం గంట కొట్టడం సోమన్న మానలేదు. వాటికి పాపం ఉండాలన్న నిబంధన లేదు. ఖాళీ అయిన పెద్ద పదవి ఏసుకుమార్‌కు ఇచ్చారు. బాంబులు తొంభైకి పెరిగాయి. పోయిన నెల బల్ల రోజున అతను పళ్లెం పట్టుకుని చివరి వరుస దాకా వచ్చాడు. సోమన్న రొట్టె తీసుకోబోతే పళ్లెం కాస్త కిందికి దించి, చెవి దగ్గరికి వంగాడు.

“అన్నా, నాకు దీపావళి టపాకాయ అంటీయాలన్నా భయమే. ఎవురికన్నా చెప్పాలనిపిచ్చింది. యాడా అనవాకు.”

“అనన్లే నాయనా,” అన్నాడు సోమన్న. ఏసుకుమార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సమయానికి పరమేష్ కెమెరా పాటల బృందం వైపు ఉంది.

దొంగనని చెప్పిన వీడియో ఛానల్లో ఇంకా ఉంది. తీసేయమని సోమన్న పెట్టుకున్న అర్జీ కమిటీ పరిశీలనలో ఉంది. దొంగను కానని చెప్పిన వీడియో కూడా ఉంది, దాన్ని తీసేయాల్సిన అవసరమే రాలేదు. ఇప్పటికి నూట పన్నెండు సార్లు చూశారు, అందులో తొంభై సార్లు నాగక్క ఫోనులోనే. మొదటిదాని కింద మాత్రం మూడు వేల పైచిలుకు మంది ఆమెన్ అని రాశారు, అందులో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ఆ పేర్లన్నీ తీరిగ్గా కూర్చుని చదివాం. మీ పేరు రెండుసార్లు ఉంది.