మేయరు పుట్టినరోజున నంబర్ వన్ పాట

ఆ ఉదయం లూబెన్ చెయ్యాల్సిన పని తేలికైనదే. డాన్యూబ్ ఒడ్డునున్న వర్బోగ్రాద్ ఊరి రేడియోలో అతను రోజూ 'ఈ తేదీన నంబర్ వన్' అనే కార్యక్రమం నడుపుతాడు. ఫలానా ఏడాది సరిగ్గా ఇదే రోజున శ్రోతల ఓట్లలో మొదటి స్థానం ఏ పాటదో చెప్పి, దాన్ని వినిపించాలి. ఆ రోజు మేయరు హరలాంపి గారి యాభయ్యో పుట్టినరోజు. రేడియో ఉన్న మేడ పురపాలక సంఘానిది. అందుచేత ఆయన పుట్టిన రోజు నాటి పాట వేసి మురిపించాలని డైరెక్టర్ రుమ్యానా హుకుం జారీ చేసింది.

లూబెన్ పాత పట్టికలు తిరగేస్తే పాట దొరికింది. దాని పేరు 'దొంగ ఎలుగు మళ్ళీ వచ్చింది'. హరలాంపి గారు మూడోసారి గెలిచి ఇంకా నెల కాలేదు. ఆకారంలోనూ ఆయనకు ఎలుగుబంటితో పెద్ద తేడా లేదు.

ఇంతలో మైకు మీద ఎర్రదీపం వెలిగింది. లూబెన్ నోటికొచ్చింది అనేశాడు. "ఆ రోజు నంబర్ వన్, 'నది మీద నీలి దీపం'. పాడినవారు యాసెన్ గోరనోవ్. రికార్డు మా దగ్గర లేనందుకు చింతిస్తున్నాం." అలాంటి పాటా లేదు, అలాంటి గాయకుడూ లేడు.

కార్యక్రమం ముగిసీ ముగియగానే మేయరు ఫోన్ చేశాడు. "లూబెన్, నాయనా! మా అమ్మ ఈ పాట పాడే నన్ను నిద్రపుచ్చేదయ్యా. సాయంత్రం విందులో అది వినపడాలి. ఎక్కణ్ణుంచి తెస్తావో నాకు తెలీదు!"

"తెస్తాడండీ, తప్పకుండా తెస్తాడు," అని పక్క ఫోన్‌లోంచి రుమ్యానా మాటిచ్చేసింది.

లూబెన్ పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించే తన బావమరిది పెంచో దగ్గరికి పరిగెత్తాడు. పాట అక్కడికక్కడే తనే రాశాడు. పెంచో రెండు గుక్కల రకియా సారా వేసుకుని బాణీ కట్టి పాడాడు. రికార్డింగ్ అరిగిన పాత రికార్డులా చిటపటలాడాలని వంటింట్లో మూకుడులో ఏదో వేయిస్తూ చేశారు.

"ఎవరికైనా తెలిస్తే?" అన్నాడు లూబెన్.

"ఎవడికి తెలుస్తుంది బావా? తిండి మీద ఉంటారు అందరూ," అన్నాడు పెంచో.

సాయంత్రం విందులో పాట మొదలవగానే మేయరు రుమాలు తీశాడు. ఆయన తీశాడని కౌన్సిలర్లందరూ తీశారు. ఒకావిడ మొదటి ముద్దు ఈ పాటకేనంది. ఆవిడ మొగుడు మాత్రం తన ముద్దు వేరే పాటకని గుర్తుచేసుకుని మొహం మాడ్చుకున్నాడు. అంతలో వెనక బల్ల దగ్గర్నుంచి జుట్టుకు నల్లరంగేసుకున్న సంగీతం మాస్టారు త్సాంకో లేచాడు.

"ఇన్నాళ్ళూ దాచాను. ఇక దాచలేను. యాసెన్ గోరనోవ్‌ని నేనే! అది నా స్టేజీ పేరు."

హాలంతా చప్పట్లు. మేయరు ఆయన్ని కావలించుకుని అక్కడే గౌరవ పౌరుణ్ణి చేశాడు. వారం తిరిగేసరికి పాట ఊరి రేడియోలో నంబర్ వన్ అయింది. నది గట్టు వీధికి త్సాంకో పేరు పెట్టాలని తీర్మానించారు. ఇంటర్వ్యూకొచ్చిన త్సాంకో, "రెండో చరణం రాసేటప్పుడు మూడు రోజులు అన్నం ముట్టలేదు," అని లూబెన్‌కే చెప్పాడు.

అది లూబెన్ భరించలేకపోయాడు. నిజం మీద ప్రేమతో కాదు, రెండో చరణం బాగా కుదిరిందని అతనికి ముందే తెలుసు. మర్నాడు పొద్దున్నే మైకు ముందు ఉన్నదంతా కక్కేశాడు. "పాట నేను రాశాను. మా పెంచో పాడాడు. ఎలుగు పాటే అసలు నంబర్ వన్!"

ఫోన్లు మోగడం మొదలైంది. "ఆ పాటకే మా ఆయన నన్ను పెళ్ళికి అడిగాడు. అంటే నా కాపురం అబద్ధమా?" అని ఒక ముసలావిడ నిలదీసింది. త్సాంకో పరువునష్టం దావా వేస్తానన్నాడు. సాక్ష్యం చెప్పమని లూబెన్ పెంచోని బతిమాలాడు.

"నువ్వు రాశావా? పాత పాటే కదా బావా అది! మా నాన్న కూడా వాయించేవాడు," అన్నాడు పెంచో. అప్పటికే అతను త్సాంకోతో కలిసి పదకొండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడు.

ఆ మర్నాడు రుమ్యానా లూబెన్ చేతికి అతని కోటు అందించింది. "ఊరందరి జ్ఞాపకాల మీద ఉమ్మేశావు. మేయరు గారికి రాత్రంతా నిద్ర లేదు. వెళ్ళు."

ఇంటికొచ్చి కూలబడితే భార్య నెవేనా చల్లటి పెరుగు సూప్ ముందు పెట్టింది.

"కనీసం నువ్వైనా నన్ను నమ్ముతావు కదూ?" అన్నాడు.

ఆమె అతని వంక జాలిగా చూసింది. "మన పెళ్ళిలో మొదటి డాన్స్ ఆ పాటకే చేశాం. అది కూడా మర్చిపోయావా, లూబెన్?"

ఆమె మొహంలో వేళాకోళం లేదు. లూబెన్ వాదించబోయాడు, మానేశాడు, చెంచా అందుకున్నాడు.

రెండో గిన్నె సూప్ అయ్యేసరికి అతనికీ కొంచెం కొంచెంగా గుర్తుకు రాసాగింది.