తాతయ్య మోడల్ పేపర్లు

"ప్రిపరేషన్ లేకుండా పిల్లని పరీక్షకి పంపుతారా ఎక్కడన్నా?" అన్నారు బసవపున్నయ్య, ఆ ఉదయం మూడోసారి.

"అది పరీక్ష కాదు మావయ్యగారూ," అంది శ్రీజ క్యారేజీ సర్దుతూ. "రుచిత బుర్ర ఎలా పనిచేస్తోందో, చదవడం ఎక్కడ ఆగిపోతోందో చూస్తారంతే. ముందుగా ఏమీ నేర్పొద్దన్నారు."

"అందరూ అలాగే అంటారమ్మా. వాళ్ళ పిల్లలకి మాత్రం కోచింగ్ పెట్టిస్తారు."

రుచిత మూడో తరగతి. నోటిలెక్కలు చకచకా చెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క వాక్యం దగ్గరే చెమటలు పడతాయి. సైకాలజిస్టు రిపోర్టు తెస్తే పరీక్షల్లో ప్రశ్నలు చదివి వినిపిస్తామంది స్కూలు. ఆ కాగితం కోసం శ్రీజ రెండు నెలలు ఎదురుచూసింది.

బసవపున్నయ్య ఉయ్యూరులో ముప్పయ్యేళ్ళు లెక్కల మాస్టారు. పాత శిష్యుడొకడు ఎక్కడినుంచో ఆ టెస్టు ప్రశ్నలు సంపాదించి పంపాడు. ఆ వారమంతా కోడలు ఆఫీసు నుంచి వచ్చేలోపు రోజూ డాబా మీద క్లాసు నడిచింది.

టెస్టు రోజు క్లినిక్‌లో సైకాలజిస్టు శ్రీదుర్గ చెక్కముక్కలు బల్లమీద పెట్టిందో లేదో, రుచిత బొమ్మ పేర్చేసింది.

"ఇది మూడో మోడల్ పేపర్లో వచ్చింది ఆంటీ!"

టెస్టు పూర్తయ్యాక శ్రీదుర్గ కలం మూసేసింది. "ఐక్యూ నూట నలభై ఒకటి వచ్చిందండీ. కానీ ఈ అంకె నమ్మలేం. రిపోర్టు ఇవ్వలేను. మళ్ళీ ఈ టెస్టు పెట్టాలంటే ఏడాది ఆగాలి."

శ్రీజ కుర్చీలో కూలబడింది. బసవపున్నయ్యకు అంకె ఒక్కటే వినిపించింది. ఆటో బెంజి సర్కిల్ దాటేలోపే ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశారు. ఆయనా శిష్యుడే.

సోమవారం రుచితను ఒలింపియాడ్ బ్యాచ్‌లో వేశారు. ఇంత తెలివైన పిల్లకు ప్రశ్నలు చదివి వినిపించడం ఎందుకన్నారు. మొదటి పేపర్లో రుచిత తన పేరు మాత్రమే రాసింది, అదీ ఒక అక్షరం తిరగబడి. డైరీలో టీచరు ఎర్ర సిరాతో రాసింది: 'తెలివి ఉంది. బద్ధకం.'

భోజనాల దగ్గర రుచిత అడిగింది. "తాతయ్యా, నాకు నూట నలభై ఒకటి కదా. మరి అక్షరాలెందుకు కదులుతున్నాయి?"

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. శ్రీజ భర్త కిరీటి టీవీ కట్టేశాడు.

"రేపు నేను స్కూలుకెళ్ళి పాత సెక్షన్‌కి మార్పిస్తాను," అంది శ్రీజ భర్తవైపూ మామగారివైపూ చూస్తూ, గొంతు పెంచకుండా. "ఏడాది తర్వాత మళ్ళీ టెస్టు. అప్పటిదాకా రోజూ దాని పాఠాలు చదివి వినిపించేది మీరే మావయ్యగారూ. చదవడమే. ఆ ప్రశ్నల జోలికి మాత్రం వెళ్ళకూడదు."

బసవపున్నయ్య బుద్ధిగా తల ఊపారు.

"సరేనమ్మా," అన్నారు. "ఏడాదంటే, రివిజన్‌కి కూడా టైముంటుంది."