నంబర్లు కలిసిన అంబాసిడర్

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో పిల్లర్ కింద కుర్చీ వేయించుకుని, ఐదు మైకుల ముందు దామోదర్ అన్న చేసిన ప్రకటనకు నలభై నిమిషాలు ట్రాఫిక్ ఆగిపోయింది. అంతకుముందు నుంచే ఆగి ఉందని గిట్టనివాళ్లు అంటారు. కీర్తిశేషులు అచ్యుతరావు గారు ముప్పై ఏళ్లు ప్రజాసేవ చేసిన తెల్ల అంబాసిడర్‌లోనే తాను పార్టీ ఆఫీసుకు వచ్చి, కార్పొరేటర్ టికెట్ అందుకుంటానని ఆయన సెలవిచ్చాడు.

అచ్యుతరావుది ఒకటే పార్టీ, ఒకటే కారు. దామోదర్ అన్న పదకొండేళ్లలో నాలుగు పార్టీలు మారాడని కొందరు పత్రికల్లో రాస్తారు. అది అన్యాయం. ఆయన ఎప్పుడూ అధికార పార్టీలోనే ఉన్నాడు. పార్టీలే నిలకడ లేక ఓడిపోతూ వచ్చాయి.

ఈసారి టికెట్ అచ్యుతరావు అసలైన వారసుడికేనని పార్టీ తేల్చి చెప్పింది. దాంతో వారసులు పుట్టగొడుగుల్లా లేచారు. ముగ్గురు మూడు కళ్లజోళ్లు తెచ్చి ఇవి పెద్దసారువే అన్నారు. ఒకరు చేతికర్ర తెచ్చారు. పార్టీ పరిశీలకుడిగా వచ్చిన లక్ష్మీకాంత్ గారు ఏదీ నమ్మలేదు. ఆయన రిటైరయ్యే దాకా రవాణా శాఖలో గుమాస్తా. కళ్లజోడుకు ఆర్‌సీ బుక్కు ఉండదు, కారుకు ఉంటుంది అన్నాడు. అచ్యుతరావు ఆర్‌సీ బుక్కు పార్టీ ఆఫీసు గోడకు అద్దం కట్టి వేలాడుతూనే ఉంది. అందులోని ఇంజన్ నంబరూ, చాసిస్ నంబరూ రెండూ కలిసిన కారు శుక్రవారం మధ్యాహ్నం మూడింటి లోపల ఎవరు తెస్తే టికెట్ వాళ్లదే. మూడు దాటి ఒక్క నిమిషమైనా కుదరదు.

దామోదర్ అన్న ఆర్‌సీ బుక్కును ఫోనులో ఫొటో తీసుకుని, మల్లాపూర్ మెకానిక్ కనకరాజును వెంటబెట్టుకుని, నాచారంలో పాత కార్లు అమ్మే తేజేష్ షెడ్డుకు పోయాడు. కనకరాజుకు అరవై ఎనిమిదేళ్లు. అయినా దామోదర్‌ను అన్నా అనే పిలుస్తాడు. నాయకత్వానికి వయసుతో పని లేదు.

షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఒక అంబాసిడర్ ఉంది. వెనక సీట్లో కోడి గుడ్లు పెట్టుకుంది. కనకరాజు కోడిని మర్యాదగా దించి, బానెట్ ఎత్తి, నంబరున్న చోట తడిగుడ్డతో తుడిచాడు. పల్చటి కాగితం అద్ది పెన్సిల్ ముక్కతో రుద్దితే ఇనుములోని అంకెలు కాగితం మీదికి తేలాయి. ఆర్టీఏ ఆఫీసులో ఫారానికి అంటించే పెన్సిల్ ప్రింట్ అదే. కనకరాజు చేతి ప్రింట్ సరిగా లేదని ఇంతవరకు ఆ ఆఫీసు నుంచి తిరిగి రాలేదు.

ఆయన కాగితాన్ని ఫోనులోని ఫొటో పక్కన పెట్టి అంకె అంకే సరిచూశాడు.

"అన్నా, గిదే పెద్దసారు బండి. చాసిస్ నంబర్ కలిసింది."

"ఇంజనో?"

"అది కలవదు. నేనే మార్చిన."

చెరువు పొంగిన ఏడు అచ్యుతరావు నడుములోతు నీళ్లలో ఈ బండి నడిపి, ఒక్క రాత్రిలో పదకొండు మంది నిండుచూలాళ్లను దవాఖానాకు చేర్చాడట. పదకొండో ఆమె దిగాక ఇంజన్ పట్టేసింది. కనకరాజు వేరే ఇంజన్ ఎక్కించాడు. ఆ సంగతి ఆర్‌సీలో రాయించుకునే తీరిక పెద్దసారుకు ఆ తర్వాత పద్దెనిమిదేళ్లూ దొరకలేదు.

దామోదర్ అన్న అంతా శ్రద్ధగా విని, బాధగా తల ఆడించాడు.

"ఇంజన్ మార్చుకున్నోడు ఒరిజినల్ ఎట్లయితడు మామా?"

తేజేష్ గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు, మనుషుల కష్టం తెలిసినవాడు. "మీరు ఆ ఫొటో నాకు పంపండి సార్," అన్నాడు. "గురువారానికల్లా రెండు నంబర్లూ కలిసిన బండి వచ్చేస్తుంది."

"యాడికెల్లి?"

"ఎక్కడో ఉండే ఉంటుంది కదండీ."

కోడి ఉన్న బండిని కనకరాజు తుక్కు ధరకు కొనుక్కుని, కోడిని తేజేష్‌కు వదిలేసి, రెండు రోజులు మరమ్మతు చేసి రోడ్డెక్కించాడు.

గురువారం కొత్త పాత బండి వచ్చింది. మల్లెపువ్వులా మెరిసిపోతోంది. ఆనుకున్న దామోదర్ అన్న చొక్కాకు కూడా కొంత మెరుపు అంటింది. కనకరాజు ప్రింట్ తీస్తే రెండు నంబర్లూ అక్షరాలా కలిశాయి. కాకపోతే అంకెల అంచులు నిన్ననే చెక్కినట్టు వేలికి గుచ్చుకున్నాయి. ఆయనకు ఏదో తోచి ఇంజన్ మీద స్పానర్‌తో కొట్టాడు. ఖాళీ బిందెలా మోగింది.

"అన్నా, దీంట్ల పిస్టన్లు లేవు. క్రాంకు లేదు. ఉత్త డొల్ల."

"నంబర్లు కలిసినయా, లేదా?"

"కలిసినయ్."

"మరింక ఫికరేంది? లక్ష్మీకాంత్ సారు నంబర్ సూస్తడు గని పిస్టన్ సూస్తడా?"

నడవని బండి ఉప్పల్‌లో పార్టీ ఆఫీసు దాకా ఎలా పోతుందన్న సందేహం ఆయన అనుచరుడు దుర్గేష్ తీర్చాడు. అరవై మందిని పెట్టి తోయిస్తే అది జనబలం అవుతుందన్నాడు. ఇంజన్‌తో నడిచే నాయకులు వేలమంది, జనంతో నడిచేవాడు ఒక్కడే అని ఫ్లెక్సీలు కూడా రాత్రికి రాత్రే లేచాయి.

శుక్రవారం పదకొండింటికి డప్పులతో ఊరేగింపు నాచారంలో బయలుదేరింది. దామోదర్ అన్న కిటికీలోంచి నడుం దాకా బయటికి వచ్చి దండాలు పెడుతుంటే, కారు మెత్తగా, పొగ లేకుండా, చప్పుడు లేకుండా సాగింది. పర్యావరణం మీద ఆయనకున్న ప్రేమను ఒక చానెల్ ప్రత్యేకంగా చూపించింది. హబ్సిగూడ చేరేసరికి ఒకటిన్నర. సరిగ్గా అక్కడే బిర్యానీ ప్యాకెట్ల ఆటో వచ్చింది. జనబలం ప్యాకెట్లు తీసుకుని మెట్రో పిల్లర్ల నీడల్లోకి సర్దుకుంది. తిన్నవాళ్లు తిన్నట్టే బస్సెక్కారు.

రెండు ఇరవై అయింది. నడిరోడ్డు మీద నంబర్లు కలిసిన కారు, అందులో దామోదర్ అన్న, వెనక ఒంటరిగా దుర్గేష్. దుర్గేష్ తోస్తే కారు కదల్లేదు, దుర్గేష్ చెప్పులు వెనక్కి జారాయి. లోపల గడియారం చూసుకుంటున్న దామోదర్ అన్నకు పదకొండేళ్లలో మొదటిసారి చెమట పట్టింది.

అప్పుడు వెనక నుంచి, సీట్లో పాత గేరుబాక్సులు వేసుకుని, కనకరాజు తన అంబాసిడర్‌లో వచ్చాడు. దిగి, తాడు తీసి రెండు కార్లకూ కట్టాడు. పెద్దసారు బండి ఒక్కసారి దగ్గి, గుర్రుమని లాగింది. దామోదర్ అన్న మళ్లీ కిటికీలోంచి బయటికొచ్చి దండాలు మొదలుపెట్టాడు.

పార్టీ ఆఫీసు గేటు ముందు ఆగేసరికి మూడుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. లక్ష్మీకాంత్ గారు పెన్సిల్ చెక్కుకుని సిద్ధంగా ఉన్నాడు. నియమం నియమమే కనుక రెండు కార్లకూ ప్రింట్ తీశాడు. ముందు కారు కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసి పెదవి విరిచాడు.

"దీని ఇంజన్ నంబర్ కలవట్లేదు. డూప్లికేట్. తాడు విప్పి బయట పెట్టించండి."

వెనక కారును పదిమంది లోపలికి తోశారు. కాగితాన్ని ఆర్‌సీ బుక్కు పక్కన పెట్టగానే ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత చక్కగా కలిసిన నంబర్లు చూడలేదన్నాడు. మూడింటికి దామోదర్ అన్న చేతికి బీ-ఫారం వచ్చింది.

దండలు మోస్తూ ఆయన బానెట్ మీద చెయ్యి వేసి, ఈ ఇంజన్‌లో పెద్దసారు గుండె చప్పుడు ఇప్పటికీ వినిపిస్తోందన్నాడు. విలేఖరులు వంగి చెవులు పెట్టి విన్నారు. లేచి రాసుకున్నారు.

గేటు బయట కనకరాజు తాడు చుట్టుకుంటున్నాడు. దామోదర్ అన్న జనాన్ని తప్పించుకుని ఆయన దగ్గరికి వచ్చి, చెవిలో మెల్లగా అన్నాడు.

"తాడు జర పైలం మామా. గెలిస్తే మేయర్ కుర్సీ దాక పోవాలె."