లకుముకిని ఎగరనివ్వకండి!

దేశం మేలు కోరి చెబుతున్నాను. లకుముకి యుద్ధ విమానం ఎగరకూడదు. ఈ ఏడాదే కాదు, ఎప్పటికీ ఎగరకూడదు!

వీడెవడురా దేశద్రోహి అని మీరు పేపరు విసిరికొట్టే ముందు కాస్త ఓపిక పట్టండి. నాకు లకుముకి అంటే గౌరవం. తేలికపాటి విమానం. గాల్లో పోట్లాడుతుంది, నేల మీద బాంబులేస్తుంది, సముద్రం మీద నిఘా పెడుతుంది. ఇన్ని పనులు నేర్చిన పిట్టను తయారు చేస్తున్నది ఎక్కడో కాదు, పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ వెనకున్న షెడ్డులో! అంబర ఏరో వర్క్స్ అని ఒక కంపెనీ. మా బాల్కనీలో బట్టలారేస్తుంటే దాని తోక కనిపిస్తుంది.

విమానం ఒళ్లు పుప్పాలగూడలో ఉంది. దాని బుర్ర, అంటే సాఫ్ట్‌వేర్, హైటెక్ సిటీలో ఒక టవర్‌లో తయారవుతోంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు షెడ్డుకొచ్చి పని చేసుకుంటే గొడవే లేదు. కానీ ఇంతలో హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. అందరూ ఆఫీసుకు రావాల్సిందే, గేటు దగ్గర కార్డు స్వైప్ చేస్తేనే హాజరు! షెడ్డులో స్వైప్ మెషీన్ లేదు. షెడ్డుకు పోయినవాళ్లకు ఆ రోజు సెలవు కింద రాసేస్తున్నారు. మరేం చేస్తారు? ఇంజనీర్లు విమానం దగ్గరికి పోకూడదు గనక విమానాన్నే ఇంజనీర్ల దగ్గరికి తీసుకుపోతున్నారు. ప్రతి మంగళవారం, పొడవాటి ట్రెయిలర్ మీద, రెక్కలు ఊడదీసి పక్కన కట్టి!

షెడ్డులో ఒక స్వైప్ మెషీన్ పెట్టుకోవచ్చు కదా అంటారా? ఆ మాట అన్న ఇంజనీర్‌ను పాలసీని ప్రశ్నించాడని ట్రెయినింగ్‌కు పంపించారు.

మొదటిసారి పోయినప్పుడు టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ ఐలయ్య చెయ్యి అడ్డం పెట్టాడట.

“గిది ఏ కంపెనీదన్నా? స్టిక్కర్ ఏది? టూ వీలరా, ఫోర్ వీలరా?”

ట్రెయిలర్ డ్రైవర్ కిందికి దిగి వంగి చూశాడు. విమానానికి ముందొక చక్రం, వెనక రెండు.

“త్రీ వీలర్‌కు లోపలికి పర్మిషన్ లేదు. ఆటోలన్నీ గేటు బయటనే!” అన్నాడు ఐలయ్య.

ఆ పూట లకుముకి ఆటోల వరసలో నిలబడింది. ఫోన్ చూసుకుంటూ వచ్చిన ఒకావిడ తలెత్తకుండానే “కొండాపూర్ వస్తదా?” అని అడిగిందట. నేను నమ్ముతాను. ఆఫీసు వదిలాక కొండాపూర్ తీసుకెళ్తానంటే నేనైనా బాంబర్ ఎక్కుతాను.

సరే, ఇందులో మనకొచ్చిన మేలేమిటి? అక్కడికే వస్తున్నాను!

మంగళవారం నాడు మా రోడ్డు చూడాలి మీరు. విమానం ముందు ఎర్రజెండా కట్టిన బండి, దాని మీద విజిల్ వేసే మనిషి. ఆ విజిల్ వినిపిస్తే చాలు, రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లు ఏ సందులోకి పోతారో పోతారు! వేలాడే కేబుల్ వైర్లు వెదురుకర్రల మీద పైకి లేస్తాయి. నడిరోడ్డు మీద గొయ్యి ముందురోజే పూడుతుంది. అది మా అబ్బాయి ఇంటర్‌లో చేరినప్పటి గొయ్యి. వాడికిప్పుడు జుట్టు ఊడుతోంది.

ఇక విమానం వెనకాల? వెనకాల రోడ్డంతా ఖాళీ! మామూలు రోజుల్లో ఇంట్లో గీసుకున్న గడ్డం ఆఫీసు చేరేసరికి మళ్లీ మొలుస్తుంది. లకుముకి తోక పట్టుకుని పోతే ఎఫ్‌ఎంలో యాడ్‌లు అయ్యేలోపు సీట్లో ఉంటాను. మొదటి మంగళవారం మా మేనేజర్ నన్ను చూసి “ఏమైంది, రాత్రి ఇంటికి పోలేదా?” అని జాలిపడ్డాడు.

ఈ సంగతి దాగుతుందా? మూడో వారానికల్లా విమానం వెనక కార్లు, స్కూల్ బస్సులు, బిర్యానీ డెలివరీ బండ్లు బారులు తీరాయి. మా అసోసియేషన్ ప్రెసిడెంటు శ్రీనివాసులుది అనంతపురం, పని రియల్ ఎస్టేట్. ఆయన కొత్త వెంచర్ బోర్డు మీద ‘యుద్ధ విమానం దారికి కూతవేటు దూరం’ అని రాయించాడు. మంగళవారం పెళ్లేమిటని ముక్కున వేలేసుకున్న పురోహితుడే ఇప్పుడు మంగళవారం దివ్యంగా ఉందంటున్నాడు. దివ్యంగా ఉండదూ? పెళ్లికొడుకు ముహూర్తానికి ముందే వచ్చేస్తున్నాడు!

కాబట్టి మా కాలనీకి కావలసింది ఒక్కటే. విమానం టెస్టులో ఫెయిల్ కావాలి. ఫెయిలైతేనే కదా వచ్చే మంగళవారం మళ్లీ బయల్దేరేది! మా పై ఫ్లాట్ మౌనిక ఆ ప్రాజెక్టులోనే టెస్టర్. రాడార్ గచ్చిబౌలి ఫ్లైఓవర్‌ను శత్రువుల యుద్ధనౌక అనుకుందని ఆ పిల్ల చెప్పిన రోజు మా బ్లాకులో మైసూర్‌పాక్ పంచారు. ఆ కోడ్ రాసిన పుణ్యాత్ముడు ఎవరో గానీ వాడి కడుపు చల్లగుండాలి! తప్పులేమీ దొరకని వారం మాత్రం లిఫ్టులో ఆ పిల్లతో ఎవరూ మాట్లాడలేదు. “ఒక్క తప్పు కూడా పట్టలేకపోయినావా మౌనికా? అంత చదివి ఏం లాభం!” అని శ్రీనివాసులు నిష్ఠూరమాడాడు.

పోయిన వారం పిడుగులాంటి వార్త వచ్చింది. టెస్టులన్నీ పాసయ్యాయట! సంతకాల కోసం వచ్చే మంగళవారం టవర్‌కు పోవడమే ఆఖరి ప్రయాణం. ఆ తర్వాత రెక్కలు తగిలించి రన్‌వే మీదికి పంపించేస్తారట.

వెంటనే అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టాం. కంపెనీకి అర్జీ రాశాం. అన్ని పనులూ చేస్తుందన్నారే, దోమల మందు కొడుతుందా? ఎండాకాలం నీళ్ల ట్యాంకర్‌గా పనికొస్తుందా? వినాయక నిమజ్జనానికి క్రేన్ అవుతుందా? ఆఖరు నిమిషంలో కొత్త ఫీచర్ అడిగితే ప్రాజెక్టు ఏడాది వెనక్కి పోతుందని ఐటీ వాళ్లకు ఎవరో చెప్పాలా? ఆ అర్జీ మీద మొదటి సంతకం నాది.

నవ్వుతున్నారా? నవ్వండి. నేనెందుకు మొదటి సంతకం పెట్టానో విని మరీ నవ్వండి.

మొన్న ఒక మంగళవారం పొద్దున మా ఆవిడ వాసంతి పోపు వేస్తూ వేస్తూ వంటింట్లో కింద కూర్చుండిపోయింది. “గుండెల్లో పట్టేసినట్టుందండీ” అంది. ఒళ్లంతా చెమటలు. అంబులెన్స్ తొందరగానే వచ్చింది. నానక్‌రాంగూడ సిగ్నల్ దాకా పోయి ఆగిపోయింది. సైరన్ మోగుతూనే ఉంది. ఎవరూ అంగుళం జరగలేదు. నేను దిగి ముందు కారు అద్దం బాదాను. లోపలాయన ఫోన్‌లో మీటింగ్‌లో ఉన్నాడు. అద్దం కొంచెం దించి, “నన్నెక్కడికి జరగమంటారండీ, ముందు బస్సుంది కదా!” అని మళ్లీ ఎత్తేశాడు.

వెనక్కొచ్చి వాసంతి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. “గ్యాస్ ఆపినారా?” అని అడిగింది. ఆపానో లేదో నాకు గుర్తులేదు. ఆపానన్నాను. నాకంత భయం జన్మలో ఎప్పుడూ వేయలేదు.

అప్పుడు వెనక నుంచి విజిల్ వినిపించింది. లకుముకి వస్తోంది!

అంతే, బస్సు ఫుట్‌పాత్ ఎక్కింది. కార్లు అద్దాలు ముడుచుకుని పక్కకు జరిగాయి. మీటింగాయన కూడా జరిగాడు, ఆయనకూ చోటు దొరికింది! విమానం మమ్మల్ని దాటగానే అంబులెన్స్ డ్రైవర్ శేఖర్ “ఇగ దొరికింది దారి, గట్టిగ పట్టుకోండ్రి సార్!” అని దాని తోక వెనకాల దూరాడు. ఆస్పత్రి గేటు దాకా మాకు బ్రేకు పడలేదు. ఇంకాస్త ఆలస్యమైతే చేతిలో ఏమీ ఉండేది కాదన్నాడు డాక్టర్. ఇప్పుడు వాసంతి ఇంట్లోనే ఉంది. ఉప్పు లేని కూరలు వండి నాకూ అవే పెడుతోంది.

ఆ విజిల్ వేసింది ఈశ్వరయ్య అని, అంబర కంపెనీ మనిషి. మిఠాయి పట్టుకుని షెడ్డుకు పోయి దండం పెట్టాను. మనసాపుకోలేక అడిగాను. “అంత సైరన్ మోగినా జరగని జనం మీకెట్లా జరిగారు ఈశ్వరయ్యగారూ?”

“జరగకుంటే ఊకుంటరా సార్? పోలీసోళ్లకు ముందుగాల్నే చెప్పి పెడ్తరు. దాని మీద గీత పడ్డదంటే నౌకరి పోతది. ఎవని నౌకరి పోవాల్నో పేరు కూడ రాసి పెట్టిన్రు.”

“మరి అంబులెన్స్‌లో మనిషికేమన్నా అయితే?”

ఈశ్వరయ్య చేతిలో మిఠాయి పట్టుకుని నిజంగానే ఆలోచించాడు.

“అండ్ల ఎవ్వని నౌకరి పోదు గద సార్” అన్నాడు.

ఆయన్నేం అనను. ఉన్నమాటే చెప్పాడు. వచ్చే మంగళవారం దాటితే మా రోడ్డు మీద ఆ విజిల్ ఉండదు. అందుకే అధికారులకు నాదొక చిన్న మనవి. బుధవారం నుంచి ఈ దారిలో వాసంతికి ఏమన్నా అయితే ఎవరి ఉద్యోగం పోతుందో ఆ ఒక్క పేరు నాకు చెప్పండి. ఆయన ఫొటో పెద్దది చేయించి అంబులెన్స్ ముందు కట్టుకుని పోతాను.